తాతయ్య టికెట్ కొననన్నాడు

మా ఇంట్లో పదకొండు రోజుల పాటు అమ్మ, తమ్ముడు మాట్లాడుకోలేదు.

పూర్తిగా మానేశారని కాదు, నా ద్వారా మాట్లాడుకున్నారు. వాళ్లిద్దరూ విజయనగరంలో, నేను హైదరాబాద్‌లో. వీడియో కాల్ చేస్తే అమ్మ స్టవ్ ముందు నిలబడి "వాడు తిన్నాడేమో అడుగు" అనేది. వాడేమో పక్క గదిలోనే ఉండేవాడు. నేను మెసేజ్ పెడితే "తిన్నానని చెప్పు" అని రిప్లై ఇచ్చేవాడు. ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న ఇద్దరి మధ్య అన్నం సంగతి హైదరాబాద్ దాకా వచ్చి వెళ్లేదన్నమాట. నాన్న మాత్రం తెలివిగా షాపు తాళం తీసుకుని పొద్దున్నే బయటపడేవారు.

గొడవంతా ఒక పీడీఎఫ్ వల్ల. అందులో మావాడి రోల్ నంబర్ ఉంది. నేవీలో అగ్నివీర్‌గా సెలెక్ట్ అయ్యాడు. ట్రైనింగ్‌కి ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కకి వెళ్లాలి.

మా వైపు ఇది వింత సంగతేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తెల్లారుజామున నాలుగున్నరకి రోడ్డు మీద బండి నడిపితే తెలుస్తుంది, చీకట్లో ఎంతమంది కుర్రాళ్లు పరిగెడుతుంటారో. మా తమ్ముడూ వాళ్లలో ఒకడు. రెండేళ్లు పరిగెత్తాడు. ఇంటర్ అయ్యాక ఇంజినీరింగ్‌లో చేరమంటే "అక్క చదివింది కదా, ఇంకో లోన్ ఎందుకు?" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నా ఎడ్యుకేషన్ లోన్ ఇంకా తీరలేదు మరి.

లెక్కలు వాడికి కంఠతా వచ్చు. మొదటి ఏడాది నెలకి 30 వేలు, అందులో 30 శాతం నిధికి పోతే చేతికొచ్చేది 21 వేలు. నాలుగో ఏడాదికి 40 వేలు. నాలుగేళ్లయ్యాక సేవా నిధి కింద 11.71 లక్షలు. ఆ తర్వాత వంద మందిలో గరిష్ఠంగా పాతిక మందిని ఉంచుకుంటారు. మిగతావాళ్లు ఇంటికి. పెన్షన్ లేదు. ఇవన్నీ వాడు ఏదో రీఛార్జ్ ప్లాన్ వివరాలు చెప్పినట్టు చెప్పేవాడు.

అమ్మ గొడవ డబ్బు గురించి కాదు, పెన్షన్ గురించి కూడా కాదు. అమ్మ గొడవ వాళ్ల నాన్న గురించి.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, 1967లో నేవీలో చేరాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. పదిహేనేళ్లు చేసి 1982లో బయటికొచ్చాడు. అందులో చివరి ఎనిమిదేళ్లు సబ్‌మెరైన్‌లోనే, ఎలక్ట్రికల్ పని. అమ్మ పుట్టింది 1973లో. ఒడ్డున ఉంటే ఆయన బొంబాయిలో ఉండేవాడు, లేదంటే వైజాగ్‌లో, లేదంటే చెప్పకూడని చోట ఎక్కడో. అమ్మమ్మ అత్తమామల్నీ, ఎకరంన్నర పొలాన్నీ, ముగ్గురు పిల్లల్నీ చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయింది. "నాకు తొమ్మిదేళ్లు వచ్చేదాకా నాన్నంటే నీలం రంగు ఇన్‌ల్యాండ్ లెటర్" అంటుంది అమ్మ. మేం ఈ డైలాగ్ ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. సెలవుకి వచ్చినా మాట్లాడేవాడు కాదట, పక్కన పడుకోబెట్టుకునేవాడు కాదట. అందరికీ పెరట్లో చాపలు పరిస్తే ఆయనొక్కడూ లోపలికెళ్లి, ట్రంకు పెట్టెకీ గోడకీ మధ్య ఇరుకులో ముడుచుకుని పడుకునేవాడట. "మా దగ్గర పడుకోడం కూడా ఇష్టం లేదు ఆయనకి" అని కూడా చాలాసార్లు అంది.

ఇప్పుడు కొడుకు అదే నేవీకి వెళ్తానంటున్నాడు.

* * *

వైజాగ్ వెళ్దామన్న ఐడియా నాదే. ఆదివారం తాతయ్యని చూసినట్టూ ఉంటుంది, వీళ్లిద్దరినీ ఒకే ఆటోలో కూర్చోబెట్టినట్టూ ఉంటుంది అనుకున్నా. తాతయ్య మల్కాపురంలో మావయ్య దగ్గరుంటాడు. 76 ఏళ్లు. మోకాళ్లు అరిగాయి గానీ గొంతు అరగలేదు.

"తాతా, ఆర్కే బీచ్‌కెళ్దాం. సబ్‌మెరైన్ మ్యూజియం చూద్దాం" అన్నాడు తమ్ముడు.

"మీరెల్లి సూడండి. నేను బయట కూకుంటాను."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. కురుసురా సబ్‌మెరైన్‌ని బీచ్‌లో పెట్టి, జనం చూడ్డానికి తెరిచింది 2002లో. తాతయ్య ఇంటి నుంచి అక్కడికి సిటీ బస్సులో గంట కూడా పట్టదు. ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా లోపలికెళ్లలేదు.

"ఎందుకు తాతా?"

"పని చేసిన చోటికి టికెట్ కొనుక్కుని ఎల్తానేటిరా?"

మాకు నవ్వొచ్చింది. అమ్మకి రాలేదు.

బీచ్ రోడ్‌కి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. ఆదివారం ఆర్కే బీచ్ గురించి వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకి చెప్పినా ఊహకందదు. ముంత మసాలా బళ్లు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, గాలిపటాలు, రీల్ తీస్తూ రోడ్డుకి అడ్డంగా నడిచేవాళ్లు. వీటన్నిటి మధ్యలో ఒడ్డు మీద నల్లగా ఒక సబ్‌మెరైన్. రోడ్డుకి ఇటువైపు నాలుగు ఇంజిన్ల పెద్ద విమానం. కొంచెం అవతల యుద్ధ స్మారకం. ప్రపంచంలో ఎక్కడైనా యుద్ధం ఇంత పిక్నిక్‌లా కనిపిస్తుందా అనిపించింది నాకు. తప్పుపట్టడం లేదు. నేనూ ఫొటో దిగాను.

ముందు స్మారకం దగ్గరికెళ్లాం. 'విక్టరీ ఎట్ సీ' అంటారు దాన్ని. 1971 యుద్ధంలో గెలుపుకి గుర్తుగా 1996లో కట్టారు. ఏటా డిసెంబర్ 4న, నేవీ డే రోజు, తూర్పు నౌకాదళం వాళ్లు ఇక్కడే పుష్పగుచ్ఛాలు పెడతారు. చుట్టూ ఆరుబయట యుద్ధ విమానం, ట్యాంకు లాంటివి పెట్టారు. గోడలు, అద్దాల పెట్టెలు ఏమీ లేవు. ఉప్పు గాలి నేరుగా తగులుతుంటుంది. మేం వెళ్లేసరికి ఒక నాలుగేళ్ల పిల్లాడు ట్యాంకు చూపించి "అది కావాలి" అని ఏడుస్తున్నాడు. వాళ్ల నాన్న బుడగ కొనిస్తానని బేరమాడుతున్నాడు.

"ఘాజీని ముంచింది ఇక్కడే కదా తాతా? రానా సినిమా" అన్నాడు తమ్ముడు. 2017లో ఆ సినిమా వచ్చినప్పుడు వాడు చిన్నపిల్లాడు. రెండు నెలల పాటు స్నానాల గదిలో బకెట్‌లో చెంబు ముంచుతూ "టార్పెడో లోడ్" అని అరిచేవాడు. నేవీ పిచ్చి అక్కడే మొదలైందని అమ్మ నమ్మకం.

తాతయ్య సముద్రం వైపు చూపించాడు. "అటేపే. హార్బర్ నోటి దగ్గర. ఎక్కువ దూరం కూడా కాదు."

"నువ్వు చూశావా?"

"సూడ్డానికేటుంది? బ్లాకౌట్ అప్పుడు. ఊరంతా సీకటి. మేం బ్యారక్‌లో పడుకున్నాం. అర్ధరాత్రి దాటాక ధడాల్మని సప్పుడు. కిటికీలన్నీ గలగలలాడాయి. బాంబులేశారనుకుని మంచాల కిందకి దూరాం. తెల్లారాక తెలిసింది."

అది 1971 డిసెంబర్ 3 రాత్రి తెల్లవారితే 4. ఆ సాయంత్రమే పాకిస్తాన్ విమానాలు మన ఎయిర్ బేస్‌ల మీద దాడి చేశాయి. ఘాజీ పాకిస్తాన్ సబ్‌మెరైన్, అమెరికాలో తయారైనది. అంతకుముందు దాని పేరు డయాబ్లో. మన విమాన వాహక నౌక విక్రాంత్‌ని ముంచాలని బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. కానీ అది వైజాగ్‌లోనే ఉందని శత్రువు నమ్మాలి. అందుకు మనవాళ్లు ఏం చేశారో సినిమాలో కన్నా తాతయ్య నోట వింటేనే బాగుంటుంది.

"విక్రాంత్ పెద్ద ఓడ కదమ్మా. వేలమంది తినాలి. అందుకని ఊళ్లో కాంట్రాక్టర్లకి కూరగాయలు, మాంసం బండ్లకి బండ్లు ఆర్డరిచ్చారు. బజారులో అందరికీ తెలిసేలాగ. 'ఓహో, విక్రాంత్ ఇక్కడే ఉందిరా' అని గూఢచారులు అనుకోవాలి కదా. ఆ ఓడ పేరుతో వైర్‌లెస్ మెసేజ్‌లు. రాజ్‌పుత్ అని పాత ఓడ ఒకటి ఉండేది. దాన్నే విక్రాంత్‌లాగ నటించమన్నారు. అవన్నీ మాకు తర్వాతే తెలిశాయనుకో."

తమ్ముడు ఫోన్‌లో వెతికి ఇంకో సంగతి చదివాడు. అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ వేసిన ప్లాన్లలో ఒకటి ఇది. విక్రాంత్ మీద పనిచేసే నావికుడు ఒకడు, జబ్బుతో ఉన్న తన తల్లి ఎలా ఉందో కనుక్కుంటూ మెసేజ్ పంపించినట్టు, కావాలనే రహస్య కోడ్ లేకుండా ఒక మెసేజ్ వదిలారు. శత్రువు వింటాడని.

అప్పటిదాకా సముద్రం వైపు తిరిగి నిలబడ్డ అమ్మ ఇటు తిరిగింది.

"తల్లి మీద కూడా అబద్ధమేనా?"

ఎవరూ మాట్లాడలేదు. పదకొండు రోజుల్లో అమ్మ తమ్ముడు చెప్పినదానికి నేరుగా జవాబివ్వడం అదే మొదటిసారి అని నేను లెక్కేసుకున్నాను. వాడు గమనించినట్టు లేదు.

ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద ఇప్పటికీ రెండు కథలున్నాయి. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జ్‌ల వల్లే అని మనవాళ్లు, లోపలే ఏదో పేలుడు జరిగిందని వాళ్లు అంటారు. మర్నాడు పొద్దున్న నీళ్ల మీద చమురు, విరిగిన ముక్కలు తేలడం మొదట చూసింది వేటకెళ్లిన మత్స్యకారులు. లోపల ఉన్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు. 2024 ఫిబ్రవరిలో నేవీ వాళ్ల రెస్క్యూ నౌక ఆ శిథిలాలు ఎక్కడున్నాయో కనిపెట్టిందని వార్తలొచ్చాయి. చనిపోయినవాళ్ల మీద గౌరవంతో వాటిని ముట్టుకోకుండా వదిలేశారట.

"అంటే ఇప్పటికీ అక్కడే ఉన్నారా వాళ్లు?" అన్నాను నేను, నీళ్లకేసి చూస్తూ. అక్కడ నీళ్లలో కుర్రాళ్లు కేకలేస్తూ ఎగురుతున్నారు.

"ఇంకెక్కడికెల్తారు?" అన్నాడు తాతయ్య. కాసేపాగి, "మనవాళ్లు కూడా అంతే. ఖుక్రీ మీద నూట తొంభై నాలుగు మంది. అందులో ఇద్దరు నాకు తెలిసినోళ్లు. ట్రైనింగ్‌లో నా పక్క మంచాలు" అన్నాడు.

ఐఎన్‌ఎస్ ఖుక్రీ. ఘాజీ మునిగిన అయిదు రోజులకి, డిసెంబర్ 9న డయ్యూ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ దాన్ని ముంచేసింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా బయటపడే వీలున్నా ఓడతోనే ఉండిపోయాడు. ఘాజీ మీద సినిమా చూసిన నాకు ఖుక్రీ పేరు ఆ రోజు దాకా తెలియదు. తమ్ముడికి తెలుసు. వాడికి ఆ కెప్టెన్ పేరు కూడా తెలుసు. పరీక్షకి చదివాడట. పక్క మంచాల వాళ్ల సంగతి మాత్రం వాడికీ కొత్తే.

తాతయ్య ఆ ఇద్దరి పేర్లూ చెప్పలేదు. మేం అడగలేదు. మొక్కజొన్న పొత్తు కావాలన్నాడు, పళ్లు లేకపోయినా. గింజలు ఒలిపించుకుని ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటూ సబ్‌మెరైన్‌కి ఎదురుగా గట్టు మీద కూర్చున్నాడు.

* * *

నేను, తమ్ముడు, నాన్న టికెట్లు తీసుకున్నాం. అమ్మ రానంది. తర్వాత ఏమనుకుందో "పదండి, ఏముందో చూద్దాం" అంటూ వెనకే వచ్చింది. చీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకి దోపుకుంది.

కురుసురా 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది. సోవియట్ తయారీ. 91 మీటర్ల పొడవు. బయటినుంచి చూస్తే పెద్ద తిమింగలం, లోపలికెళ్తే మన హైదరాబాద్ షేర్డ్ పీజీ గది. కాదు, పీజీ నయం. అటూ ఇటూ పైపులు, మీటర్లు, వాల్వులు, మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కన్నంలోంచి దూరాలి. ముందు కాలు పెట్టాలా, తల పెట్టాలా అని నాన్న అక్కడే ఆలోచిస్తుంటే వెనక క్యూ ఆగిపోయింది. "అంకుల్, కాలు ముందు" అని ఎవరో అమ్మాయి అరిచింది.

లోపల అన్నీ వివరించే గైడ్లు రిటైరైన నేవీ వాళ్లే. మాకు దొరికిన ఆయన వేగంగా చెప్పుకుంటూ పోతున్నాడు. పైకి తేలినప్పుడు డీజిల్ ఇంజిన్లు నడిపి బ్యాటరీలు చార్జ్ చేసుకుంటారు, నీళ్ల కింద బ్యాటరీల మీదే నడుస్తుంది. "మీ ఫోన్‌లాగే. చార్జింగ్ అయిపోతే పైకి రావాలి. పైకొస్తే శత్రువుకి కనపడతాం" అన్నాడు. ఆ పోలిక బాగుంది. మంచినీళ్లు కొలిచి వాడుకోవాలి, అందుకని లోపల ఉన్నన్నాళ్లూ స్నానాల ఊసుండదు, ఒంటికి డీజిల్ వాసన పట్టేస్తుంది, ఇంటికెళ్లినా పోదు.

"ఆ వాసన నాకు తెలుసు" అంది అమ్మ, ఎవరితోనో కాదు, తనలో తనే.

సిబ్బంది పడుకునే చోటికి వచ్చాం. ఒకదాని మీద ఒకటి బల్లల్లాంటి పడకలు. ఒకదాంట్లో బొమ్మ మనిషిని పడుకోబెట్టారు. బొమ్మ కాబట్టి ఇబ్బంది లేదు, మోకాళ్లు ముడవాల్సిన పనిలేదు. అమ్మ ఖాళీగా ఉన్న పడక ముందు ఆగింది. జేన వేసి కొలవడం మొదలుపెట్టింది. వెడల్పు మూడు జేనలు కూడా రాలేదు. పై పడకకీ దీనికీ మధ్య ఎత్తు కూడా కొలిచింది. జాకెట్టు గుడ్డ కొలిచినట్టు మెల్లగా, రెండుసార్లు.

"మేడమ్, ముందుకి నడవండి" అన్నారు వెనకవాళ్లు.

"వీటిలో ఎంతమంది పడుకునేవారు?" అని గైడ్‌ని అడిగింది.

"ఎవరి పడక వాళ్లదని ఉండదమ్మా. ఒకడు డ్యూటీకి లేస్తే ఆ చోట ఇంకొకడు పడుకుంటాడు. పక్క ఇంకా వెచ్చగానే ఉంటుంది."

"ఎన్ని రోజులు?"

"నెల, అంతకన్నా ఎక్కువ కూడా."

అమ్మ ఇంకేం అడగలేదు. అక్కడినుంచి బయటికొచ్చేదాకా పైపుల వైపు గానీ మీటర్ల వైపు గానీ చూడలేదు. తమ్ముడు మాత్రం పెరిస్కోప్ దగ్గర, ఎలక్ట్రికల్ ప్యానెల్ దగ్గర ఆగి ఆగి చూశాడు. ఫొటోలు తీయలేదు. అది నాకు కొత్తగా అనిపించింది. అన్నం తింటూ కూడా ఫొటో తీసే రకం వాడు.

బయట గాలి తగిలాక తెలిసింది, లోపల ఎంత ఉక్కగా ఉందో. మేం ఉన్నది పావుగంట. పైగా అది నీళ్ల కింద కాదు.

అమ్మ నేరుగా వెళ్లి తాతయ్య పక్కన గట్టు మీద కూర్చుంది.

"నాన్నా, ఒకటడుగుతాను. సెలవుకి వచ్చినప్పుడు ట్రంకు పెట్టె పక్కన పడుకునేవాడివి, గుర్తుందా?"

"ఆ."

"ఎందుకు?"

తాతయ్య చేతిలో మిగిలిన గింజలు కాగితంలో చుట్టాడు. "ఎడల్పు సోట నిద్ర పట్టేది కాదే. పెరట్లో పడుకుంటే పైన ఏటీ లేదు, పక్కన ఏటీ లేదు. పడిపోతున్నట్టుండేది. పెట్టెకీ గోడకీ మధ్య దూరితే ఒళ్లు ఆనుకునేది. అప్పుడు కునుకొచ్చేది."

"మరి చెప్పొచ్చు కదా?"

"ఏటని సెప్తాను? మీ అమ్మ నవ్వీది. చిన్నపిల్లవి, నీకేటి తెలుస్తాది?" అని, కాసేపాగి, "ఇంకోటి. కాళ్లు జాడించేవాడిని నిద్దట్లో. నీకు తగులుతాదని" అన్నాడు.

అమ్మ యాభై ఏళ్లు దాటిన మనిషి. షుగర్ మాత్రలు వేసుకుంటుంది. అలాంటిది తాతయ్య భుజం మీద చిన్నగా ఒక్కటి చరిచింది, చిన్నపిల్లలు కోపం వచ్చినప్పుడు కొట్టినట్టు. తర్వాత కొంగు మొహానికి పెట్టుకుని కూర్చుంది. మేం ముగ్గురం విమానం చూసొస్తాం అని లేచిపోయాం. ఇంకేం చేస్తాం?

విమానం గురించి ఎక్కువ చెప్పను. దాని మీద మా ధ్యాస లేదు. టీయూ-142. సముద్రం మీద తిరుగుతూ సబ్‌మెరైన్లని వెతకడం దాని పని. 29 ఏళ్లు పనిచేసి 2017లో రిటైరైంది. 30 వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరిందని అక్కడ గర్వంగా చెబుతారు. సబ్‌మెరైన్‌నీ, దాన్ని వేటాడే విమానాన్నీ రోడ్డుకి అటూ ఇటూ ఎదురెదురుగా పెట్టడం మాత్రం భలే ఉంది. మా ఇంట్లో అమ్మనీ తమ్ముడినీ చూసినట్టే అనిపించింది. నాన్నకి చెబితే నవ్వారు. తమ్ముడు నవ్వలేదు.

"అక్కా, నేను వెళ్లకపోతే అమ్మ మామూలుగా ఉంటుందా?" అన్నాడు.

"నువ్వు వెళ్లకుండా ఉండగలవా?"

వాడు చెప్పులతో ఇసుక తవ్వుతూ నిలబడ్డాడు. "రెండేళ్లు పరిగెత్తాను కదా" అన్నాడు. అదీ వాడి జవాబు.

* * *

తిరిగి వచ్చేసరికి గట్టు మీద ఇద్దరూ ముంత మసాలా తింటున్నారు. తాతయ్య తమ్ముడిని పిలిచి ఎదురుగా నిలబెట్టుకున్నాడు. నేను ఏదో దీవెన ఇస్తాడనుకున్నా. ఇంటర్వ్యూ మొదలుపెట్టాడు.

"నాలుగేళ్ల తర్వాత ఉంచుకోకపోతే ఏటి చేస్తావు?"

"సేవా నిధి వస్తుంది తాతా. పదకొండు లక్షల…"

"డబ్బు సంగతి కాదు. పని సంగతి అడుగుతున్నాను. చేతికి ఏ పని వస్తాది?"

వాడి దగ్గర జవాబు లేదు. తాతయ్య అన్నాడు, "నాకు పదిహేనేళ్లకి పెన్షనొచ్చింది. దాంతో మీ అమ్మకి పెళ్లి చేశాను, ఇల్లు నిలబెట్టాను. నీకది లేదు. నాది నీకు చెప్తే తప్పుడు లెక్క అవుతాది. ఎల్తే ఎల్లు. కానీ సలాములు కొట్టి తిరిగి రావద్దు. ఎలక్ట్రికలో, ఇంజినో, ఏదో ఒకటి పట్టుకో. నేర్చుకున్నదానికి కాగితం ఇస్తారు, ఆ కాగితం పోగొట్టుకోకు. నాలుగేళ్లూ ప్రతి ఆదివారం ఉత్తరం… ఇప్పుడు ఉత్తరాలేటి, ఫోన్ చెయ్యి. సిగ్నల్ లేని చోటికి ఎల్తే ముందే చెప్పి ఎల్లు. ఎక్కడికని చెప్పక్కర్లేదు. లేనని చెప్పు, చాలు."

"సరే తాతా."

"ఆ సంగతి నాకు కాదు. అటు తిరిగి చెప్పు."

వాడు అమ్మ వైపు తిరిగాడు. కానీ చెప్పలేకపోయాడు. అమ్మ కూడా చూపు తిప్పేసుకుని, ముంత మసాలాలో ఉల్లిపాయలు ఏరి పక్కన పెడుతూ ఉండిపోయింది.

చీకటి పడుతుంటే తాతయ్యని మల్కాపురంలో దింపి, కాంప్లెక్స్‌లో విజయనగరం బస్సెక్కాం. అందరికీ ఒక్కచోట సీట్లు దొరకలేదు. ముగ్గురి సీటులో కిటికీ పక్కన అమ్మ, మధ్యలో నేను, ఇటు తమ్ముడు. నాన్న వెనకెక్కడో. మధురవాడ దాటేదాకా ఎవరి ఫోన్ వాళ్లు చూసుకున్నాం. ఆనందపురం దగ్గర బస్సు ఆగినప్పుడు అమ్మ నా మీదుగా వంగి, వాడి మోకాలి మీద తట్టింది.

"చిల్కలో దుప్పటి వాళ్లిస్తారా, మనమే పట్టికెళ్లాలా?"

వాడు ఒక్క క్షణం నా వైపు చూశాడు, తనని అడిగిందో నన్ను అడిగిందో తెలియనట్టు.

"లిస్టులో ఉంటుందమ్మా. చూస్తాను."

"చూడు. దోమతెర సంగతి కూడా చూడు. ఇవ్వకపోతే మన మూలగదిలోది ఉంది, ఉతికి పెడతాను."

వాడు ఫోన్ తీసి ఆ పీడీఎఫ్ తెరిచాడు. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి. అమ్మ కళ్లజోడు కోసం బ్యాగులో వెతికింది, దొరకలేదు. నేను లేచి వాళ్లిద్దరి మధ్యలోంచి ఇటు చివరికి మారాను.